సోలెడు తవుడుకి కొన్న బిడ్డ

అది 1968వ సంవత్సరం. శ్రీకాకుళం జిల్లాలో ప్రొబేషన్ ఆఫీసరుగా నేను చేరి అప్పటికి కొంతకాలమే అయింది. విజయనగరం జిల్లా ఇంకా ఏర్పడలేదు. బొబ్బిలి, పార్వతీపురం, సాలూరు అన్నీ మా జిల్లాలోనే ఉండేవి. ఆఫీసు అంటే ఒక గది, ఒక గుమస్తా, బ్రేకు సరిగా పడని ఒక సైకిలు. మిగతా పనంతా బస్సుల్లో, కాలినడకన.

ప్రొబేషన్ ఆఫీసరంటే ఏమిటని ఇప్పటికీ చాలామంది అడుగుతారు. చిన్న నేరాలు చేసిన కుర్రవాళ్లు జైలుకు వెళ్లకుండా వాళ్లను కనిపెట్టి ఉండడం సగం పని. దిక్కులేని పిల్లల సంగతి విచారించి కోర్టుకు చెప్పడం తక్కిన సగం. అలాంటి పిల్లను పోలీసులు మేజిస్ట్రేటు ముందు హాజరుపరిస్తే, కన్నవాళ్లకు అప్పగించే వీలు లేనప్పుడు, చిల్డ్రన్ యాక్టు కింద రెండు దారులుండేవి. ఒకటి సర్టిఫైడ్ స్కూలు, అంటే పిల్లల్ని ఉంచి చదువూ చేతిపనీ నేర్పే సర్కారు బడి. రెండోది ఫిట్ పర్సన్. కన్నవారు కాకపోయినా పిల్లను పెంచడానికి తగినవారని కోర్టు నమ్మి అప్పగించే మనిషిని చట్టం ఆ పేరుతో పిలిచేది. ఇప్పుడు దాన్నే ఫోస్టర్ కేర్ అంటున్నారు. ఆడపిల్లల సర్టిఫైడ్ స్కూలు మా దగ్గర ఎక్కడా లేదు. అక్కడికి పంపడమంటే రైలెక్కించి, భాషలో యాస కూడా మారిపోయేంత దూరం పంపడం. అలా పంపిన ఒకరిద్దరు పిల్లల మొహాలు నాకు బాగా గుర్తు. అందుకని నేను వీలైనంతవరకు ఫిట్ పర్సన్ కోసమే వెతికేవాణ్ని.

ఆ ఏడు గోగు కోతల కాలంలో బొబ్బిలి మేజిస్ట్రేటు కోర్టు నుంచి ఒక కేసు విచారణకు వచ్చింది. ఆరేళ్ల ఆడపిల్ల. పేరు తవిటమ్మ. తల్లి చనిపోయింది. తండ్రి అప్పలస్వామి కిరండూల్ వైపు కొత్తగా వేసిన రైలు లైను మీద గ్యాంగు కూలీ, పట్టాల కింద కంకర సర్దే పని. పిల్ల ఊళ్లోనే పొరుగింటి సూరమ్మ దగ్గర పెరుగుతోంది. తండ్రి వచ్చి పిల్లను ఇమ్మంటే సూరమ్మ ఇవ్వనంది. అతను పోలీసు స్టేషనుకు వెళ్లాడు. హెడ్ కానిస్టేబులు వచ్చి అడిగితే ఆమె చెప్పిన జవాబు రిపోర్టులో ఇలా ఉంది: సదరు బాలికను తాను సోలెడు తవుడు ఇచ్చి కొన్నట్లు ఒప్పుకున్నది.

పిల్లను కొనడం నేరం. విచారణ ముగిసేదాకా పిల్ల సూరమ్మ ఇంట్లోనే ఉండవచ్చని మేజిస్ట్రేటు అన్నారు గాని, దానికి గ్రామ మునసబు చేత పూచీ రాయించుకున్నారు.

దారిలో పోలీసు స్టేషను దగ్గర దిగి హెడ్ కానిస్టేబుల్ని అడిగాను. "తవుడు సంగతి మీకు తెలియదా?"

"మా సిన్నాన్న పేరే తవిటినాయుడండి, నాకు తెలీకపోడమేటి," అన్నాడాయన. "ఆవిడ సెప్పింది సెప్పినట్టు రాయాల గదా. రాయకపోతే ఆ పిల్ల తండ్రి మళ్లీ నా మీద రాయించేస్తాడు."

ఊరు బొబ్బిలికి కొంత ఎడంగా ఉంది. చెరువుల్లో గోగుకట్టలు నానేసి ఉంచారు. ఆ కుళ్లు వాసన ఊరి మొదట్లోనే ముక్కుకు తగిలింది. సూరమ్మ వీధిలో కూర్చుని నానిన గోగు నుంచి నార ఒలుస్తోంది. నలభై దాటిన మనిషి. ఆమె భర్త రామినాయుడు అరుగు మీద తాడు పేనుతున్నాడు. పిల్ల పెయ్యదూడ మెడ చుట్టూ చేతులు వేసి నన్ను చూస్తోంది.

"మీరూ తవుడు సంగతే అడగడానికొచ్చినారా బాబూ?" అంది సూరమ్మ, చెయ్యి ఆపకుండా.

"అదే అడగాలమ్మా. నిజంగా కొన్నావా?"

"కొన్నాను. కొన్లేదని ఎవులన్నారు?"

రామినాయుడు అందుకున్నాడు. "నానే సాచ్చికం బాబూ. సోల నిండి పొర్లిపోయేలా కొలిసింది. నాకు గంజి పోసినప్పుడు అంత నిండా పొయ్యదు."

"నువ్వూరుకో, సర్కారోళ్ల ముందర నీ ఎకసెక్కాలూ నువ్వూను," అని భర్తను కసిరి, ఆమె జరిగింది చెప్పింది.

అప్పలస్వామికీ, చనిపోయిన అతని భార్య నారాయణమ్మకూ ముందు ముగ్గురు పుట్టారు. ముగ్గురూ ఏడాది తిరక్కుండా పోయారు. నాలుగో కాన్పులో ఈ పిల్ల పుట్టింది. అలా పిల్లలు నిలవని ఇంట మా ప్రాంతంలో ఒక పద్ధతి ఉంది. పుట్టిన బిడ్డను చేటలో పెట్టి పెంటకుప్ప మీద పారేసినట్టు ఉంచుతారు. పొరుగావిడ వచ్చి, ఎవరో పారేసిన బిడ్డ అంటూ తవుడు ఇచ్చి కొనుక్కుంటుంది. మగపిల్లాడైతే తవిటినాయుడో తవిటయ్యో అవుతాడు, ఆడపిల్లయితే తవిటమ్మ. కొన్నావిడ బిడ్డను మళ్లీ కన్నతల్లి చేతికే ఇచ్చి, నా బిడ్డకు పాలిచ్చి పెంచిపెట్టమంటుంది. అప్పటినుంచి ఆ ఇంట్లో బిడ్డ పరాయి బిడ్డ. మృత్యువు వచ్చి వెతికితే ఆ ఇంటివాళ్ల పిల్లలెవరూ దానికి కనపడకూడదు. నేను విజయనగరంలో పెరిగినవాణ్ని, మా వీధిలోనే ఇద్దరు తవిటయ్యలుండేవారు. కాని వాళ్ల విషయంలో ఆ కొనుగోలు పేరుతోనే ఆగిపోయింది. ఇక్కడ ఆగలేదు.

"నారాయణమ్మ ఒక్కనాడు దీన్ని నా కూతురనలేదు బాబూ," అంది సూరమ్మ. "సూరప్ప కూతురికి నీల్లు పోస్తన్నాను, సూరప్ప కూతురికి తల దువ్వుతన్నాను, అనేది. సచ్చిపోయే ముందర కూడా అదే మాట. 'అప్పా, నీ కూతుర్ని నువ్వు తీసుకుపో' అన్నాది." అప్ప అంటే మా వైపు అక్క, సూరప్ప అంటే ఈమే.

తల్లి పోయాక అప్పలస్వామి పిల్లను వీళ్ల దగ్గర వదిలి లైను పనికి వెళ్లాడు. రెండేళ్లు కావస్తోంది. కొత్తవలస దగ్గర మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. మగపిల్లాడు పుట్టాడు.

ఈ మాటల మధ్యలోనే పెయ్య దగ్గరున్న పిల్ల చటుక్కున లేచి ఇంట్లోకి పరిగెత్తింది. వీధి మలుపులో ఖాకీ చొక్కా వేసుకున్న మనిషి నిలబడి ఉన్నాడు. చేతిలో కాగితం పొట్లం. నేను వస్తున్నానని మునసబు కబురు పెట్టాడట, అప్పలస్వామి వచ్చాడు.

"సూసినారా బాబూ, నన్ను సూసి ఎలాగ పరిగెట్టిందో," అన్నాడు దగ్గరికి వచ్చి. "నానేటి పులినా?"

"పులయితే ఏటి భయం, కర్రుచ్చుకుని తోలేద్దుం," అంది సూరమ్మ. "పోలీసుల్ని తెచ్చినావు మా ఇంటికి."

"నువ్వియ్యనన్నావు అప్పా. మరి నానేటి సెయ్యాల?"

"అక్కడికి తీసుకెల్లి ఏటి సేస్తావురా? నీ కొడుకుని మొయ్యడానికి కాదేటి?"

అతను పొట్లం అరుగు మీద పెట్టాడు. బెల్లం పూసిన మిఠాయి. "నాకూ ఒక మనిషుండాల గదా," అన్నాడు. అది ఎవరితో అన్నాడో తెలియలేదు. రామినాయుడు తాడు పేనడం ఆపి తల వంచుకుని కూర్చున్నాడు. లోపల పిల్ల గాదె వెనక నిలబడి ఉంది, పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి.

హోమ్ ఎంక్వయిరీ అంటే పిల్లను అడుగుతున్న ప్రతి ఇంటినీ వెళ్లి చూడడం. వంట ఎలా వండుతున్నారు, ఎవరు ఎక్కడ పడుకుంటారు, ఇరుగుపొరుగు ఏమంటారు, ఇవన్నీ చూసి రాయాలి. కొత్తవలస వెళ్లాను. జంక్షను అవతల గ్యాంగు కూలీల పాకలు వరసగా ఉన్నాయి. అప్పలస్వామి పాక శుభ్రంగానే ఉంది. పొరుగువాళ్లు అతను తాగడనీ, కొట్టడనీ చెప్పారు. రెండో భార్య చాలా చిన్న మనిషి, చంటివాడికి జ్వరం, ఆమె కళ్లు గుంటలు పడి ఉన్నాయి.

"ఆ పిల్లొస్తే ఈడ్ని ఎత్తుకుంటాది బాబూ. నాకు కూలికెల్లడానికి అవుతాది," అంది దాపరికం లేకుండా. "తిండి మాత్తరం పెడతాను. నాను తిన్నదే దానికీని. అంతకుమించి నానేటి సెప్పగల్ను?"

అబద్ధం చెప్పని మనిషి. అప్పలస్వామి తగనివాడని రాయడానికి నాకక్కడ ఏ ఆధారమూ దొరకలేదు. చట్టం ప్రకారం కన్నతండ్రి హక్కు ముందు నిలుస్తుంది. తిరుగు బస్సులో నాకు కూర్చోబుద్ధి కాలేదు. పిల్లకు అక్కడ అన్నం దొరుకుతుంది, బడి దొరకదు, అంతవరకు నిజం. అది ఒక్కటీ చూపి కన్నతండ్రి దగ్గర నుంచి పిల్లను తప్పించడానికి ఏ కోర్టూ ఒప్పుకోదు. ఆ రోజుల్లో ఊళ్లలో ఎంతమంది ఆడపిల్లలు బడికి వెళ్లేవారు గనక.

వాయిదాకు ముందు మేజిస్ట్రేటు గారిని ఆయన గదిలో కలిశాను. నెల్లూరు వైపు మనిషి, నెమ్మదస్తుడు. ఆచారమంతా చెప్పబోతే ఆపారు.

"మా వైపూ పెంటయ్యలున్నారండీ. అది నాకు తెలియక కాదు. కాని నా రికార్డులో కొన్నానన్న మాట ఉంది. బిడ్డను కొన్నానని చెప్పే మనిషిని ఫిట్ పర్సన్ అని నేను రాస్తే, రేపు నిజంగా పిల్లల్ని కొనేవాడు అదే ఆర్డరు పట్టుకొచ్చి చూపిస్తాడు. ఆవిడ కోర్టులో ఒక్క ముక్క చెప్పాలి. కొనలేదు, ఈ పిల్ల నాది కాదు, వాళ్లది, నేను పెంచుతున్నాను అని. అప్పుడు తండ్రిని అడుగుతాను, పిల్లనూ చూస్తాను, మీ రిపోర్టూ చదువుతాను. ఆలోచించడానికి నాకు చోటుంటుంది."

"చెప్పకపోతే?"

"తండ్రి నా బిడ్డ అంటాడు. ఇవ్వక తప్పదు. అక్కడా అనుమానం ఉందని మీరు రాస్తే, తేలేదాకా సర్టిఫైడ్ స్కూలుకు పంపుతాను."

ఆయన మాటల్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అందుకే మరీ కష్టంగా అనిపించింది.

వాయిదా నాటి ఉదయం సూరమ్మ, రామినాయుడు, పిల్ల బండి కట్టుకుని బొబ్బిలి వచ్చారు. కోర్టు ఆవరణలో ఒక పక్కకు తీసుకెళ్లి ఆమెకు విడమరిచి చెప్పాను. ఆమె శ్రద్ధగా విన్నది.

"కన్నది నాను కాదంటాను బాబూ. అది లోకానికంతటికీ తెలుసు."

"అది చాలదమ్మా. కొనలేదనాలి. పిల్ల వాళ్లదనాలి."

"ఆల్లదే అంటే మరి?"

"ఆ మాట అన్నావంటే పిల్ల నీ దగ్గర ఉండే దారి దొరుకుతుంది."

ఆమె నా వైపు చూసింది. "నాను అననేను బాబూ. మీరు మంచికే సెప్తన్నారు. ఆల్లదని ఒక్కపాలి అన్నానంటే, ముగ్గుర్ని తీసుకుపోయింది దీన్ని వొగ్గేస్తాదా?"

రామినాయుడిని చూశాను, సాయపడతాడేమోనని. అతనికి అప్పుడు వేళాకోళం రాలేదు. "నాకు గూడా నోరు రాదు బాబూ," అన్నాడు.

పిలుపు వచ్చింది.

చిన్న గది. జనం పెద్దగా లేరు. పిల్లను బల్ల పక్కన నిలబెట్టారు. కొత్త పరికిణీ కట్టారు, దాని అంచు రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. సూరమ్మ బోనెక్కింది. మేజిస్ట్రేటు గారు మెల్లగా అడిగారు. "అమ్మా, ఈ పిల్లను నువ్వు కొన్నావని పోలీసులు రాశారు. అది నిజం కాదు కదా?"

ఆమె కళ్లు పిల్ల మీదే ఉన్నాయి.

"భయపడకు. పిల్ల వాళ్లదని, నువ్వు పెంచుతున్నావని చెప్పు. అంతే."

"నా పిల్లే బాబూ," అంది సూరమ్మ. "కొనుక్కున్నాను. మీరు జైలుకి తోలేసినా ఎల్తాను. కొన్లేదని మాత్తరం నా నోటంట రాదు. ఆ మాటంటే పిల్ల బతకదు."

మేజిస్ట్రేటు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకుని రాసుకున్నారు. కలం కాగితం మీద నడుస్తున్న చప్పుడు నాకు వినబడుతూనే ఉంది. నేను చేయగలిగింది అయిపోయింది. పిల్ల కొత్తవలస వెళ్తుందా, ఆ దూరపు స్కూలుకు వెళ్తుందా అన్నదే నాకు మిగిలిన ప్రశ్న. సూరమ్మ బోను దిగి పిల్ల వైపు వెళ్లబోతే బంట్రోతు చెయ్యి అడ్డం పెట్టాడు.

అప్పలస్వామిని పిలిచారు. ఖాకీ చొక్కా ఉతికి వేసుకొచ్చాడు. అతని అడుగు చూస్తే గెలిచినవాడి అడుగులాగే ఉంది. తప్పుపట్టను, అతను నిజంగానే గెలిచాడు.

"నీ పేరు?"

చెప్పాడు.

"ఈ పిల్ల ఎవరు?"

ఇది వట్టి లాంఛనం. రికార్డులో ఉండాలి కనక అడుగుతారు. నా కూతురు అంటే చాలు, ఆ రెండు మాటలూ రాసుకుని, వేలిముద్ర వేయించుకుని అప్పగిస్తారు.

అప్పలస్వామి నోరు తెరిచాడు. పిల్ల వైపు చూశాడు. పిల్ల అతని వైపే చూస్తోంది. మళ్లీ నోరు మూసుకున్నాడు.

"నీ కూతురేనా?" అన్నారు మేజిస్ట్రేటు గారు, సాయం చేస్తున్నట్టు.

బోను కమ్మీ మీద అతని చేతులు బిగుసుకున్నాయి. కంకర పనితో వేళ్లు పగిలి ఉన్నాయి.

"మూడు గోతులూ నానే తవ్వినాను బాబూ," అన్నాడు చివరికి. "ఒక్కొక్కల్ని నానే పట్టుకెల్లి పెట్టినాను. పోలీసు టేసన్లో సెప్పినప్పుడు కోపంలో అనేసినాను. అన్న కాడ్నుంచి నాకు నిద్దర నేదు. మల్లీ అననేను."

"ఏమిటి అనలేవు?"

"మీరడిగింది."

"అయితే ఈ పిల్ల ఎవరి బిడ్డ?"

"సూరప్ప కూతురు బాబూ. పుట్టిన్నాడే ఇచ్చేసినాం."

మేజిస్ట్రేటు గారు కలం కింద పెట్టారు. మళ్లీ తీసుకుని, "ఇచ్చేశామంటే, ఈవిడ దగ్గర పెరగడం నీకు ఇష్టమేనా?" అని అడిగారు.

"నాకిష్టం కాదు బాబూ," అన్నాడు అప్పలస్వామి. "పెరగాల."

ఆర్డరులో ఆయన తవుడు మాట ఎత్తలేదు. తండ్రి బాలికను పుట్టిననాడే ఈమె సంరక్షణకు విడిచినట్టు వాంగ్మూలం ఇచ్చాడనీ, కనుక సూరమ్మను ఫిట్ పర్సన్‌గా నియమిస్తున్నామనీ, ప్రొబేషన్ ఆఫీసరు అప్పుడప్పుడు వెళ్లి చూస్తుండాలనీ రాశారు. ఆయన ఎవరినీ పొగడలేదు, మందలించలేదు. తరువాతి కేసు పిలిపించారు.

బయటికి వచ్చాక సూరమ్మ అప్పలస్వామి దగ్గరికి వెళ్లింది. కృతజ్ఞతలు చెబుతుందనుకున్నాను.

"ఒరే, బండిలో సోటున్నాది. అన్నం తిని ఎల్లు," అంది.

"డూటీ ఉన్నాది అప్పా," అని అతను రైలు స్టేషను వైపు నడిచాడు.

ఆ కోర్టు పర్యవేక్షణ ఉన్నన్నాళ్లూ నేను ఆ ఊరు వెళ్తూ వచ్చాను. తవిటమ్మ ఐదో తరగతి దాకా చదివింది, తరువాత పొలం పనుల్లో పడింది. గొప్ప కథేమీ కాదు. ఆరోగ్యంగా పెరిగింది, నోరు మాత్రం సూరమ్మ నోరే వచ్చింది. అప్పలస్వామి పండక్కీ పబ్బానికీ వచ్చేవాడు. అతను సూరమ్మను అప్ప అంటాడు కనక, వరస ప్రకారం పిల్ల అతన్ని 'మావా' అని పిలిచేది. ఆ పిలుపుకు అతను పలికేవాడు. ఒకసారి అరుగు మీద నా పక్కనే కూర్చుని ఉండగా పిల్ల మంచినీళ్లు తెచ్చి, "మావా, ఇంద," అంది. అతను తాగి, లోటా తిరిగిచ్చి, "సూరప్ప కూతురు పెద్దదైపోనాది బాబూ," అని నాతో అన్నాడు. నేను వేరే మాట ఎత్తాను.

తరువాత సర్వీసంతా నేను చాలామంది పిల్లల్ని ఇళ్లకు అప్పగించాను, కొందరిని స్కూళ్లకు పంపాను. ఎవరు ఎలా అయ్యారన్నది వీలైనంత కాలం కనుక్కుంటూనే ఉన్నాను. ఒకే ఇంట్లో కుదురుగా ఉండనిచ్చిన పిల్లలు, ఆ ఇల్లు ఎంత బీదదైనా, ఏదో ఒక పని పట్టుకుని నిలబడ్డారు. మేనమామ ఇంటికి కొన్నాళ్లు, పెదనాన్న ఇంటికి కొన్నాళ్లు అని తిప్పిన పిల్లలు పెద్దయ్యాక కూడా ఎక్కడా నిలవలేదు. చుట్టరికం చూసి నేను నమ్మి పంపిన ఇళ్లలో కొన్ని పనిమనిషి కోసం చూసిన ఇళ్లే అని తేలింది. ఏ చుట్టరికమూ లేని ఒక టీ దుకాణం ముసలివాడు ఇద్దరు అన్నదమ్ములను విడదీయకుండా పెంచాడు. దీన్నంతా ఒక సూత్రంగా చెప్పమంటే నాకు చేతకాదు.

పనిచేసే పద్ధతిలో మాత్రం ఆ కేసు తరువాత ఒక మార్పు చేసుకున్నాను. అంతకుముందు ఏ ఇంటికి విచారణకు వెళ్లినా పిల్ల మీకేమవుతుంది, ఎందుకు కావాలి అని అడిగేవాణ్ని. వాటికి అందరూ మంచి జవాబులే సిద్ధం చేసుకుని ఉండేవారు. తరువాత నుంచి, పిల్ల మీ దగ్గరుంటే మీకు దేనికి భయం, అని అడగడం మొదలుపెట్టాను. నలుగురూ ఏమనుకుంటారోనని కొందరనేవారు. పెద్దయ్యాక మమ్మల్ని చూడకపోతేనో అని కొందరు. చలికాలం దీనికి దగ్గు వస్తుంది, మా ఇంట్లో గాలి ఎక్కువ అని ఎవరైనా అంటే, నేను ఇంకేమీ అడగకుండా ఫిట్ పర్సన్ కింద వాళ్ల పేరు రాసుకునేవాణ్ని.